సూది కంటే ముందు చెయ్యి

ఇక్కడ నేను తరచుగా రాసేది నవలల గురించి, ఆత్మకథల గురించి. ఈసారి బల్లమీదకు తీసుకున్న పుస్తకంలో కథ లేదు, పాత్రలు లేవు. చేతులూ కాళ్ళూ మాత్రమే ఉన్నాయి. వంద పుటలైనా లేని ఆ పుస్తకం పేరు 'ఎయిడ్స్ టు ది ఎగ్జామినేషన్ ఆఫ్ ది పెరిఫెరల్ నెర్వస్ సిస్టమ్'. మెదడునూ వెన్నుపామునూ దాటి అవయవాలలోకి పరచుకున్న నరాలను వైద్యుడు తన చేతులతో ఎలా పరీక్షించాలో చూపే బొమ్మల పుస్తకం అది. ఆ పేరుగల మహమ్మారి లోకానికి తెలియక ముందే పుట్టింది కనుక శీర్షిక చూసి కంగారుపడవలసిన పని లేదు. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకునే రోజుల్లో దాని జెరాక్సు ప్రతి ఒకటి మా హాస్టలులో గది నుంచి గదికి తిరుగుతూ ఉండేది. బొమ్మలు నల్లబడిపోయి ఏది బొటనవేలో ఏది చూపుడువేలో పోల్చుకోవడమే కష్టమయ్యేది. అసలు ప్రతిని సిడ్నీ వచ్చిన తరువాతనే కొనుక్కున్నాను.

ఇన్నేళ్ళకు దాని గురించి రాయాలనిపించడానికి కారణం ఒక పెద్దాయన తిన్న చారన్నం. ఆ సంగతికి వస్తాను. ముందు పుస్తకం పుట్టుక చెప్పాలి.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యానికి సలహాదారుగా ఉన్న నాడీవైద్యుడు జార్జ్ రిడాక్, ఎడిన్‌బరోలో శస్త్రచికిత్స ఆచార్యుడైన లియర్‌మంత్ కలిసి, తూటాలకూ బాంబుముక్కలకూ నరాలు తెగిన సైనికుల కోసం స్కాట్లండులో గోగార్‌బర్న్, కిల్లెర్న్ అనే చోట్ల ప్రత్యేక కేంద్రాలు నెలకొల్పారు. మామూలు ఆసుపత్రులలో పనిచేసే సర్జన్లకు ఏ కండరాన్ని ఎలా పరీక్షించాలో తెలియడానికి ఫొటోలు తీయించారు. మొదట ఇరవై ప్రతులు మాత్రమే, అదీ కుట్టని విడికాగితాలుగా, చేతులు మారాయి. 1943లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ దానిని తన ఏడవ యుద్ధకాల పత్రంగా అచ్చువేసింది. 1970లలో కొత్త ఫొటోలతో సంస్కరించి ఇప్పటి పేరు పెట్టారు. తరువాత 'బ్రెయిన్' పత్రిక నిర్వాహకులు దాని బాధ్యత తీసుకున్నారు. కండరబలాన్ని సున్నా నుంచి ఐదు దాకా కొలిచే పద్ధతిని ఇంతమంది వైద్యుల చేతిలో పెట్టింది ఈ పుస్తకమే. కదలికే లేకపోతే సున్నా, కండరంలో చిరు అదురు మాత్రమే కనిపిస్తే ఒకటి, భూమ్యాకర్షణ భారం లేనప్పుడు కదిలితే రెండు, ఆ భారాన్ని ఎదిరించి కదిలితే మూడు, వైద్యుడి చేతిని కూడా కొంత ఎదిరిస్తే నాలుగు, పూర్తి బలమైతే ఐదు. నాలుగవ మెట్టు మరీ విశాలమని అందరికీ తెలుసు. చిటికెడు బలం తగ్గినవాడూ, సగం బలం పోయినవాడూ అందులోనే ఇరుక్కుంటారు. అయినా ఎనభై ఏళ్ళుగా దానికి దీటైన సులువైన కొలత రాలేదు.

ఫొటోలలో నాకు నచ్చేది ఒక చిన్న వివరం. కండరాన్ని ఊరికే చూస్తే చాలదు, అది బిగుసుకోవడాన్ని వేలితో తాకి తెలుసుకోవాలి అన్నట్టుగా ఉంటాయి ఆ భంగిమలు. నరం ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పడానికి ఆ రోజుల్లో వైద్యుడి దగ్గర ఉన్న పరికరం అదే.

యంత్రం కూడా ఆ కాలపు బిడ్డే. సన్నని సూదిలో తీగ అమర్చి కండరంలోని విద్యుత్తును వినే విధానాన్ని ఏడ్రియన్, బ్రాంక్ 1929లోనే చూపించారు. మనిషి నరంలో కదలికల సంకేతం ఎంత వేగంగా ప్రయాణిస్తుందో హోడ్స్, ఆయన సహచరులు 1948లో కొలిచారు. మరుసటి ఏడు డాసన్, స్కాట్ చర్మం పైనుంచే నరపు సంకేతాన్ని నమోదు చేశారు. ఆస్ట్రేలియాకూ ఇందులో వాటా ఉంది. సిడ్నీ నగరం నడిబొడ్డున, మెక్వారీ వీధిలోని సిడ్నీ ఆసుపత్రికి అనుబంధమైన కానెమాట్సు సంస్థలో జాన్ ఎకిల్స్, బెర్నార్డ్ కాట్జ్, స్టీఫెన్ కఫ్లర్ యుద్ధపు తొలి సంవత్సరాలలో ఒకే చోట కూర్చుని నరం కండరాన్ని కలిసే సంధిలో ఏమి జరుగుతుందో వెతికారు. తరువాత ఎకిల్స్‌కు 1963లో, కాట్జ్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ మయస్థీనియా రోగి నరాన్ని పదేపదే ప్రేరేపించి కండరం అలసటను కొలుస్తున్నామంటే, ఆ పరీక్షకు అర్థం చెప్పిన పని అక్కడ జరిగింది. ఆ వీధిలో నడిచే తెలుగు విద్యార్థులెవరికైనా ఈ ముక్క చెబుతూ ఉంటాను. వారు మర్యాదకు వింటారు.

ఇక చారన్నం. రోగి ఆనవాళ్ళు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను, కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను.

పరదేశంలో ఉన్న తెలుగు వైద్యుడి ఆదివారాలు ఎలా ఉంటాయో ఆ వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. భోజనానికి పిలిచిన వారి చేతుల్లో ఒక మిఠాయి డబ్బా, ఒక రిపోర్టుల కవరు ఉంటాయి. తెలిసినవారి అమ్మాయి ఒకరు ఉత్తరాంధ్ర నుంచి సందర్శక వీసా మీద వచ్చిన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చారు. డెబ్బై దాటిన రైతు. కుడిచేయి బలహీనపడింది. ఇక్కడ డాక్టరుకు చూపిస్తే నరాల విద్యుత్ పరీక్షకు పంపారు. మోచేతి దగ్గర అల్నార్ నరంలో ప్రసారవేగం తగ్గిందని, నరం అక్కడ నొక్కుకుపోయి ఉండవచ్చని, సర్జను అభిప్రాయం తీసుకోవచ్చని నివేదిక. మెడికేర్ వర్తించని మనిషి. ఆపరేషన్ ఇక్కడ చేయించాలా, విశాఖలోనా అన్నది ఆ అమ్మాయి ప్రశ్న.

నేను కాగితాలు చూశాను. ముంజేతిలో సెకనుకు యాభై మీటర్లు దాటిన వేగం మోచేయి దాటేచోట బాగా పడిపోయింది. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. "తొందరేమీ లేదమ్మా, ఊరికి వెళ్ళాక విశాఖలో చేయించుకోవచ్చు" అని చెప్పాను. పెద్దాయనను కుర్చీలోంచి లేపలేదు, చొక్కా చెయ్యి పైకి తీయమనలేదు. నివేదిక నా చేతిలో ఉంది, ఆయన చేయి బల్లకు అవతల ఉంది.

అందరం భోజనానికి కూర్చున్నాం. పప్పన్నం దాకా బాగానే సాగింది. చారు వడ్డించాక ఆయన కలిపి ముద్ద ఎత్తేసరికి, చిటికెనవేలు పక్కవేలికి చేరక దూరంగా నిలబడి, ఆ సందులోంచి చారు మణికట్టు మీదుగా కారింది. మనవరాలు నవ్వింది. ఆయనా నవ్వారు.

"ఈ చిటికెనేలు మాట ఇనదు బాబూ. రెండేళ్ళయి ఇంతే."

రెండేళ్ళు! నివేదికలో ఉన్నది ఆరు నెలలు. అనువాదంలో ఎక్కడో పోయింది. ఇక్కడ ప్రభుత్వం నడిపే దుబాసీ సేవ ఫోనులో తెలుగుకూ దొరుకుతుంది, మంచి సేవే. కానీ చేతిపట్టు గురించి ఇంగ్లీషు ప్రశ్నావళి అడిగేది తాళంచెవి తిప్పగలరా, సీసామూత తీయగలరా, గుండీలు పెట్టుకోగలరా అని. ఆ ప్రశ్నలన్నిటికీ ఆయన ఔననే చెప్పి ఉంటారు. ఎడమచేతితో చేసుకుంటున్నారు కాబట్టి. అన్నం మాత్రం ఎడమచేత్తో తినలేరు కదా!

చేతులు కడుక్కున్నాక అడిగాను. "నడుస్తున్నప్పుడు కాలి చెప్పు జారిపోతుందా అండీ?"

"జారిపోద్ది."

"జారినట్టు తెలుస్తుందా?"

"తెల్దు బాబూ. వెనక్కి చూస్తే దార్లో ఉంటాది."

ఈ ప్రశ్న మన దేశపు నాడీవైద్యుల సొంత ఆస్తి. చెప్పు జారిన సంగతి తెలిసి కూడా పట్టుకోలేకపోతే పాదాన్ని ఎత్తే కండరం బలహీనపడిందని, జారిన సంగతే తెలియకపోతే స్పర్శ పోయిందని అనుకుంటాం. బూట్లు తొడుక్కునే దేశంలో రాసిన పుస్తకాలలో ఇది ఉండదు. ముఖం కడుక్కోవడానికి కళ్ళు మూసుకోగానే తూలిపడబోవడం, గొంతుకూర్చుని లేవలేకపోవడం, ఇవన్నీ మన వార్డులలో పెద్దలు ఏ కాగితమూ చూడకుండా అడిగిన ప్రశ్నలు. నివేదికను మళ్ళీ తీశాను. చివరి పుటలో ఎడమ పిక్క వెనుక సూరల్ నరం నుంచి స్పందన రాలేదనీ, వయసు వల్ల కావచ్చుననీ ఒక వాక్యం ఉంది. వయసు వల్ల నిజంగానే కావచ్చు. కానీ మోచేతి దగ్గర నొక్కుడుకూ, ఎడమ కాలికీ సంబంధమేమిటి?

అప్పుడు అల్మారాలోంచి ఈ పుస్తకాన్ని తీశాను. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కాగితం పట్టుకోమని లాగాను. ఫ్రోమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు మొదటి ప్రపంచయుద్ధకాలంలో చెప్పిన పరీక్ష ఇది. బొటనవేలు నిటారుగా ఉండలేక కణుపు దగ్గర వంగిపోయింది. అంతవరకు అల్నార్ నరం సంగతే, నివేదిక చెప్పినదే. తరువాత మోచేతి వెనుక గాడిలో వేలు పెట్టాను. అక్కడ నరం చేతికి తాడులా తగిలింది. గాడిలోనే కాదు, దానికి పైన కూడా. ఎడమచేతిలో ఆ లావు లేదు. చొక్కా విప్పమన్నాను. మోచేతికి పైన, వెనుకవైపు, ఆయనకు అద్దంలో కూడా కనిపించని చోట, చుట్టుపక్కల చర్మం కంటే రంగు తగ్గి, వెంట్రుకలు లేక, పొడిగా ఒక మచ్చ. దూదితో తాకితే తెలియలేదు.

మా చిన్నతనంలో బడిగోడల మీదా, బస్టాండ్లలోనూ స్పర్శ లేని మచ్చ గురించి రాసి ఉండేది. ఆ గోడ చదివిన ప్రతి పిల్లవాడూ పెట్టగల అనుమానాన్ని, ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న నేను భోజనానికి ముందు పెట్టలేకపోయాను.

"కుష్టా బాబూ?" అని ఆయనే అడిగారు. కూతురు తల దించుకుంది.

అయ్యుండవచ్చునని, మందులున్నాయని, వాటిని పూర్తిగా వాడితే నయమవుతుందని చెప్పాను. తరువాతి వారం సరైన చోట, సరైన పద్ధతిలో పరీక్షలు జరిగాయి. చర్మపు ముక్క పరీక్ష అనుమానాన్ని ధ్రువపరచింది.

ఇందులో యంత్రం అబద్ధం ఆడలేదు. అది కొలిచిన వేగం నిజమే. కుష్ఠురోగంలో అల్నార్ నరం దెబ్బతినే చోటు మోచేతి దగ్గరే, ఎందుకంటే ఆ సూక్ష్మజీవి శరీరంలో చల్లగా ఉండే, చర్మానికి దగ్గరగా నరం పైకి తేలే చోటును కోరుకుంటుంది. ఒత్తిడి వల్ల దెబ్బతిన్నా వేగం తగ్గేది అక్కడే. తెరమీద గీత రెంటికీ ఒకటే. నరం లావెక్కిందో లేదో, దాని మీద చర్మం ఏ రంగులో ఉందో ఆ గీత చెప్పదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ పరీక్ష కొలిచేది మైలిన్ పొర దట్టంగా ఉన్న పెద్ద తంతువులను మాత్రమే. నొప్పినీ, వేడిచల్లదనాలనూ మోసే సన్నని తంతువులు దానికి కనిపించవు. కుష్ఠులో ముందు పోయేవి తరచుగా అవే. మధుమేహం ఉన్న మన అమ్మలూ నాన్నలూ రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలని దుప్పటి తన్నేస్తుంటే, నరాల పరీక్ష చేయించి "రిపోర్టు నార్మల్" అని ఇంటికి పంపడం నేను ఎన్నోసార్లు చూశాను. నార్మల్ అయినది పెద్ద తంతువులు. మంట నిజం, దానికి మందూ ఉంది. గిల్లెన్-బారే వ్యాధిలో కాళ్ళు పడిపోతున్న తొలి రోజుల్లో కూడా ఈ పరీక్ష మామూలుగా ఉండవచ్చు. ఇక చలికాలపు సిడ్నీలో కారు దిగి చల్లని చేతులతో వచ్చిన మనిషిని వెచ్చబరచకుండా పరీక్షిస్తే, ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు రెండు మీటర్ల వేగం తగ్గి లేని జబ్బు కనిపిస్తుంది. మంచి ప్రయోగశాలలు చేతిని వెచ్చబరుస్తాయి. అన్నీ మంచివి కావు.

దీనిని యంత్రద్వేషంగా చదవవద్దని మనవి. నా చేయి ఓడిన సందర్భమూ ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒకరికి చేతివేళ్ళ కండరాలు కరుగుతుంటే మెడ ఎముకల అరుగుదలగా భావించాను. కాళ్ళు పరీక్షించాను, బలం ఐదుకు ఐదు అని రాశాను. నాడీవైద్యురాలు సూది పెడితే, నేను ఐదు రాసిన పిక్కలోనే నరాలు తెగిపోతున్న ఆనవాళ్ళు ఉన్నాయి. అది మోటార్ న్యూరాన్ వ్యాధి. కండరాలను కదిలించే నరకణాలే ఒక్కొక్కటిగా చచ్చిపోయే ఈ వ్యాధిలో కంటికి తెలియకముందే సూదికి తెలుస్తుంది. ఆ సత్యాన్ని 2006లో జపాన్‌లోని అవాజీలో సమావేశమైన నిపుణులు గుర్తించి, సూది సాక్ష్యానికి కంటి సాక్ష్యంతో సమానమైన విలువ ఇచ్చారు. దానికి ముందు 1990లలో ఎల్ ఎస్కోరియల్ పేరిట వచ్చిన ప్రమాణాలలో నిశ్చయం, బహుశా, కావచ్చు అంటూ మెట్లుండేవి. 'కావచ్చు' మెట్టు మీదనే ఉండి చనిపోయిన రోగులున్నారు. 2019లో మన క్వీన్స్‌లాండ్‌లోని గోల్డ్ కోస్ట్‌లో జరిగిన సమావేశం ఆ మెట్లను తీసేసింది. మరుసటి ఏడు అచ్చయిన ఆ ప్రమాణాలు అడిగేవి మూడే. బలహీనత క్రమంగా పెరుగుతూ ఉండాలి. ఒక్క శరీరభాగంలోనైనా పై, కింది నరకణాలు రెండూ, లేదా కనీసం రెండు భాగాలలో కింది నరకణాలు దెబ్బతిన్న గుర్తులుండాలి. ఇతర వ్యాధులు కావని తేల్చుకోవాలి. సూది ఇక్కడ సమాన సాక్షి. కానీ ఆ మొదటి షరతు చూడండి. బలహీనత పెరుగుతోందని చెప్పేది ఏ యంత్రమూ కాదు, రోగి, రోగి ఇంట్లోవాళ్ళు, వారిని కూర్చోబెట్టి అడిగిన వైద్యుడు.

కాబట్టి నా తగవు యంత్రంతో కాదు, వరుసతో. యంత్రం తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ ప్రశ్నను తయారుచేసేది చేయి, చేతిని నడిపించేది రోగి మాట. పరీక్ష కోరుతూ పంపే కాగితం మీద "కుడిచేతి బలహీనత, నరాల పరీక్ష చేయగలరు" అన్న ఒక్క వాక్యం రాస్తే, పరీక్షించేవారు కుడిచేతినే పరీక్షిస్తారు. ఏ కండరం ఎంత బలహీనం, ఏ చర్మభాగంలో స్పర్శ లేదు, చేతికి నరం ఎలా తగిలింది, నాకున్న అనుమానం ఏమిటి, ఈ నాలుగూ రాయని కాగితాన్ని వెనక్కి పంపే హక్కు ప్రయోగశాలకు ఉండాలని నా అభిప్రాయం. మా విభాగంలో యువవైద్యులకు నేను పెట్టిన నియమం అదే. పది నిమిషాలు పడుతుందని విసుక్కుంటారు. అవును, పడుతుంది.

పుస్తకం లోపాలూ చెప్పాలి. ఇది యుద్ధంలో పుట్టింది. తెగిన నరం ఎక్కడ తెగిందో వెతికే మనుషుల కోసం పుట్టింది. అందుకే అధ్యాయాలు నరాల వారీగా, కండరాల వారీగా నడుస్తాయి. ఇందులో రోగికి శరీరం ఉంది గాని నోరు లేదు. చారు కారిపోవడం, చెప్పు జారిపోవడం ఇందులో దొరకవు. ఆ అధ్యాయం తెలుగులో ఎవరైనా రాయాలి. తిమ్మిరి, మొద్దు, జివ్వుమనడం, చీమలు పాకినట్టు ఉండడం, దూది మీద నడిచినట్టు ఉండడం, ఒక్కొక్కటీ ఒక్కో తంతువు చెప్పే మాట. ఇంగ్లీషు నోట్సులోకి వచ్చేసరికి అన్నీ ఒకే పదంగా మారిపోతున్నాయి. ఆ అనువాదం చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆస్ట్రేలియాలో ఈ రోగం అరుదు, గుర్తిస్తే ప్రభుత్వానికి తెలపడం చట్టం. ఒకప్పుడు చాలా భయపడిన దేశమే. క్వీన్స్‌లాండ్ తీరంలోని పీల్ ద్వీపంలో 1907 నుంచి 1959 వరకు రోగులను వేరుగా ఉంచారు. పశ్చిమాన డెర్బీ దగ్గర ఆదివాసులను దశాబ్దాల పాటు అలాగే ఉంచారు. సిడ్నీలో లిటిల్ బే తీరాన, తరువాత ప్రిన్స్ హెన్రీగా పేరు మారిన ఆసుపత్రి ఆవరణలోనూ కుష్ఠురోగుల ఇళ్ళుండేవి. ఈ దేశపు నాడీవైద్యానికి పెద్ద పేరు తెచ్చిన జేమ్స్ లాన్స్ విభాగం వెలసిందీ ఆ ఆసుపత్రిలోనే. మన దేశంలో 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని 2016లో గాని రద్దు చేయలేదు. విడాకులకు కారణాల జాబితాలోంచి ఈ రోగాన్ని తొలగించడానికి 2019 దాకా పట్టింది. ఆ అమ్మాయి తల ఎందుకు దించుకుందో ఆ సంవత్సరాలు చెబుతాయి. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే రోగులలో సగానికి పైగా ఇప్పటికీ భారతదేశంలోనే ఉన్నారు. మన వలసలు సాగినంతకాలం ఈ రోగం అప్పుడప్పుడు బ్రిస్బేన్‌లో, మెల్‌బోర్న్‌లో, ఎవరో ఒకరి మోచేతిలో విమానం దిగుతూనే ఉంటుంది. దానిని మొదట తాకేది ఎవరి వేలు అన్నదే ప్రశ్న.

పెద్దాయన నెలలోగా ఊరికి వెళ్ళిపోయారు. మూడు మందులు, పన్నెండు నెలలు. అక్కడ అవి ఉచితం. నరం వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మాత్రలు కొన్ని నెలలు వాడారు. ఆపరేషన్ అవసరం రాలేదు. ఒక మందు వల్ల ఒళ్ళు నల్లబడిందని, ఊళ్ళోవాళ్ళు ఆస్ట్రేలియా ఎండ తగిలిందనుకుంటున్నారని ఫోనులో చెప్పి నవ్వారు. క్రితం నెల వీడియోలో కాగితం పట్టుకోమన్నాను. అవతల నుంచి మరో మనవడు లాగాడు. బొటనవేలు ఇంకా కొంచెం వంగుతోంది. చిటికెనవేలు పక్కవేలిని దాదాపు చేరుతోంది. చారు సంగతి అడిగితే, ఇప్పుడు గిన్నెలో పోసుకుని తాగుతున్నానన్నారు.